పొద్దుదుంప

దానికి అసలు పేరొకటుంది, నా నోటికి తిరగలేదు.
పైన పొద్దుతిరుగుడులా పూసి కింద అల్లంలా ఊరుతుంది గనక
మా కొల్లిపరలో పొద్దుదుంప అన్నాం.
మొదట అన్నది నాగూర్‌బీ.
"పువ్వేమో ఎండకి, పిల్లలేమో చీకటికి"
అని కలుపు తీస్తూ నవ్వింది.

తెల్ల కారులో వచ్చినాయన విత్తనం దింపుతూ చెప్పాడు:
ఇందులో చక్కెర కాని చక్కెర ఉంది,
షుగరున్నోళ్ల నాలుక్కి పండగ.
పిండి పడితే బిస్కెట్టు,
పులియబెడితే బండ్లకి పోసే చమురు,
కాడా ఆకూ గేదెకి.
పారేసేది ఏమీ లేదు.
ఆ చివరి మాట దగ్గరే
కౌలు ఎకరం దాని పేర రాసేసుకున్నాను.

కరకట్ట దిగువ ఇసుక నేల.
కందకి తోలిన చాళ్లలోనే తొలకరికి పెట్టాం.
చవితికి మనిషెత్తు.
ఆకు గరుకు, మోచేతుల దాకా చీమలు పాకినట్టు దురద.
దసరాకి చేనంతా పసుప్పచ్చగా విప్పుకుంటే
లంకకి పోయే పడవ కాస్త నెమ్మదించినట్టనిపించింది.
మా ఆయన వీరరాఘవులు సెల్లులో ఫొటో తీసి
కారాయనకి పంపాడు.
రెండు నీలం టిక్కులు పడ్డాయి.
మాట రాలేదు.

తవ్వాం. మొదలుకి తట్టెడు.
పసిపిల్లల పిడికిళ్లు అంటే వినడానికి బాగుంటుంది.
చలికి కొంకర్లు పోయిన ముసలి కాలివేళ్లు, అదీ ఉన్న మాట.
కంద అయితే నెలల తరబడి మూలన రాయిలా పడుంటుంది.
దీని తోలు పలచన,
మూడోనాటికే ముడతలు.
ఫోను స్విచ్చాఫ్.

దుగ్గిరాలలో రెండు గోతాలు రైలెక్కించి
బెజవాడలో దిగి
ఆటోనగరంతా కాగితం పట్టుకు తిరిగాను.
లేతు మిషన్ల రొద, గుట్టల్లా టైర్లు,
లారీ వెనక నెమలికి రంగు వేస్తున్న కుర్రాడు దారి చూపించాడు.
రేకుల షెడ్డు. బోర్డుంది. తాళముంది.
వాచ్‌మన్ ఉన్నాడు, అయిదు నెలలుగా జీతం లేదు.

పేరు యోహాను. తన కుర్చీ నాకిచ్చాడు.
"మీరు పదకొండో మనిషమ్మా" అన్నాడు.
లోపల మిషను ఇంకా ప్లాస్టిక్ కవర్లోనే ఉందట,
పెళ్లి ఆగిపోయిన ఇంట్లో శుభలేఖల కట్టలాగా.
ఆయనకి షుగరు.
గోతం విప్పి, నాలుగు దుంపలు కడిగి,
చిన్న సిలిండరు పొయ్యి మీద ఉప్పేసి ఉడకబెట్టాడు.
ఎకరం పండించాక
దాని రుచి చూడ్డం నాకదే మొదలు.
తీపి కాదు, చప్పన కాదు.
కొబ్బరినీళ్లు తాగేశాక నాలుక మీద ఇంకా ఏదో ఉంటుంది చూడండి,
అది.
"ఎవరో ఒకరం తినాలిగా" అన్నాడు.
గోతాలు అక్కడే వదిలి వచ్చాను.

రాత్రంతా కడుపులో గాలి మేళం.
ఆ సంగతి కారాయన చెప్పలేదు.
"గాలి మాటలకి గాలి దుంప" అన్నాడు మా ఆయన.
అప్పు లెక్క రాస్తూ రాస్తూ
ఇద్దరం కళ్లనీళ్లొచ్చేలా నవ్వాం.
చేలో మిగిలిన కుప్పలు ఊరి గేదెలు తిన్నాయి.
పారేసేది ఏమీ లేదు.
ఆయన అబద్ధమాడలేదు.

ఈ ఏడు అదే చేలో పసుపు పెట్టాం.
ఆషాఢంలో, పసుపు మొలకల మధ్య, గరుకాకు.
పీకాం. మళ్లీ లేచింది. మళ్లీ పీకాం.
మట్టిలో వేలెడు ముక్క మిగిలితే చాలు దానికి.
వడ్డీకి కూడా అంతే చాలు, వేలెడు.

నాగూర్‌బీ వరసగా అన్నీ పెరుక్కుంటూ పోయి
గట్టు చివర ఒకటి వదిలేసింది.
ఎందుకే అంటే
"మా అత్తకి షుగరు, పులుసులో వేస్తా" అంది.
కాసేపాగి,
"పువ్వు కూడా బాగుంటుందిలే."

నేను చూడనట్టే
పక్క చాలుకి జరిగాను.